వంక పెట్టిన రింగు

నా చేతులతో చేసిన వస్తువుల్లో అన్నిటికన్నా నిక్కచ్చిగా కుదిరింది ఒక ఇత్తడి రింగు. వెంట్రుక దూరే సందు కూడా లేకుండా చేశాను. దానివల్ల జరిగినంత చెరుపు ఇంకే వస్తువు వల్లా జరగలేదు. పనిముట్లు పట్టే పిల్లలెవరైనా చదువుతారేమోనని ఆ సంగతి రాస్తున్నాను. పెద్ద చదువులవాళ్లు చదివినా నాకు అభ్యంతరం లేదు. వాళ్లకు ఇందులో కొన్ని మాటలు నచ్చకపోవచ్చు, అంతే.

నాది ఏడో తరగతి చదువు. బొగ్గు గనుల సర్వే ఆఫీసులో దుర్బిణులు బాగుచేసే పని. నేల కింద ఏ సొరంగం ఎటు పోతోందో కొలవడానికి సర్వేయర్లు వాడే దుర్బిణిలో అద్దం గోరంత ఒరిగినా, సొరంగం కొన్ని గజాలు పక్కకు పోతుంది. అందుకని మా సెక్షన్లో లూజు అన్న మాట బూతుతో సమానం. మాకు పని నేర్పిన మేస్త్రి బాగుచేసిన పరికరాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల టిక్కుమన్నదా, ఆ పూట మాకు అన్నం సయించనిచ్చేవాడు కాదు. బిగుతు, సాపు. ఈ రెండే మాకు నేర్పాడు. వాటితోనే రిటైరయ్యేదాకా బతికాను.

అద్దాల శాస్త్రం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆఫీసువాళ్లు చెత్తలో వేసిన ఇంగ్లీషు పుస్తకాలు ఇంటికి మోసుకొచ్చి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, పేజీకి రెండు రోజుల చొప్పున చదివాను. నేను బాగుచేసిన పరికరం మీద సంతకం ఇంజనీరుది. చెడిపోతే మాత్రం "నువ్వే ఎక్కడనో ముట్టుకున్నవు" అన్న మాట నాకు. ఆ మంట ఇప్పటికీ ఉంది. దాచుకోవాలని కూడా నాకు లేదు.

రిటైరయ్యాక ఖమ్మంలో మా ఇంటి ముందు గదిలో బల్ల వేసుకున్నాను. ఫారెస్టు వాళ్ల బైనాక్యులర్లు, పెళ్లి ఫోటోలవాళ్ల బూజు పట్టిన లెన్సులు వస్తుంటాయి. అట్లా ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఒక టీచరమ్మ ఫోను చేసింది. చర్ల అవతల అడవిలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఆమె సైన్సు చెబుతుంది. అక్కడి కోయ కుటుంబం అమ్మాయే. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటేటా రెన్యువల్.

ఎవరో దాతలు ఆ బడికి సూర్యుణ్ణి చూసే టెలిస్కోపు ఇచ్చారట. మామూలు టెలిస్కోపుతో సూర్యుణ్ణి చూస్తే కళ్లు పోతాయి, ఆ పని ఎవరూ చేయొద్దు. దీంట్లో ఒకే ఒక ఎర్ర రంగు వెలుగును తప్ప ఇంక దేన్నీ లోపలికి రానివ్వని గాజు పలకలుంటాయి. వెనక ఒక చిన్న కెమెరా తగిలించి, దాని వైరు ల్యాప్‌టాప్‌కు పెడితే సూర్యుడి మీది మచ్చలూ, అంచున లేచే మంటలూ ఫోటోలో పడతాయి. ఆమె రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక ఒక ఫోటో తీసి, నెలకొకసారి అన్నీ కలిపి జిల్లా ఆఫీసుకు పంపేది.

"ఫోటోల మీద గీతలు వస్తున్నయి సారూ. సన్నగ, జంపఖానా చారల లెక్క," అంది.

"కెమెరా ఊగుతుందా?"

"అవ్, జర ఊగుతది."

"అదే రోగం. ఆ వెనక ముక్క విప్పి బస్సు పార్శిల్ల వెయ్యి."

పార్శిలు విప్పి చూస్తే నా ఒళ్లు మండింది. కెమెరా ముక్కు గొట్టంలో కాలికి పెద్దదైన చెప్పులాగా ఆడుతోంది. ఇంత ఖరీదైన వస్తువును ఇట్లా వదులుగా చేసి, అడవిలో బడికే కదా అని పంపినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తెలిసిన లేత్ మిషన్ వాడి దగ్గర మూడు రోజులు కూర్చుని ఇత్తడి రింగు తీయించాను. చివరి సవరింపు ఎవరికీ ఇవ్వకుండా నేనే ఎమ్రీ కాగితంతో చేశాను. గొట్టంలో పెడితే లోపలి గాలిని నొక్కుకుంటూ మెల్లగా దిగి కూర్చుంది. అది చూసి నాకు కలిగిన తృప్తిని ఇక్కడ రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పది పదిహేను రోజులకు మళ్లీ ఫోను.

"రింగు మంచిగ కూసున్నది సారూ. ఇప్పుడు అస్సలు ఊగుత లేదు. కానీ..."

"కానీ ఏంది?"

"గీతలు ఎక్కువైనయి. అప్పుడు సన్నగుండె. ఇప్పుడు లావుగ, సూర్యుని నిండ అవ్వే ఉన్నయి."

"అద్దం తుడిచినవా?"

"లేదు సారూ."

"తుడిచినవు. తడి గుడ్డ తగిలిచ్చినవు. అబద్ధం చెప్పకు, నేను గిట్లాంటివి శాన చూసిన. నువ్వే ఎక్కడనో ముట్టుకున్నవు."

అటువైపు పిల్లల గోల వినిపిస్తోంది. "నేను ముట్టలేదు సారూ," అని ఫోను పెట్టేసింది.

నా సర్వీసంతా నేను పడ్డ మాట అది. అచ్చంగా అదే వాక్యం, అక్షరం పొల్లు పోకుండా. అది నా నోట్లోంచి వచ్చిందని నాకు ఆ రోజు తట్టనే లేదు. తప్పు చేసినవాళ్లకు పట్టుబడ్డామన్న భయమైనా ఉంటుంది. తన పని మీద తనకు మరీ ఎక్కువ నమ్మకం ఉన్నవాడికి అదీ ఉండదు.

రెండు నెలలు గడిచాయి. మార్చి నెలలో ఆమే మళ్లీ ఫోను చేసింది. చారల ఫోటోలు చూసిన జిల్లా ఆఫీసువాళ్లు, అడవి బడిలో ఆ టెలిస్కోపును నడపడం ఎవరికీ రాదని అనుకున్నారట. టౌనులో ఒక పెద్ద స్కూలువాళ్లు అది మాకివ్వండని అడుగుతున్నారట. శుక్రవారం ఒక అధికారి, ఒక కాలేజీ లెక్చరరు జీపులో వస్తున్నారు. ఫోటో శుభ్రంగా రాకపోతే అదే జీపులో టెలిస్కోపు పోతుంది.

"ఒక్కసారి వచ్చి చూడున్రి సారూ. తప్పు నాదే అయితే నాదే అని రాసిస్త. కానీ అది ఇక్కడ్నే ఉండాలె. మా పిల్లలు పొద్దుగాల లేవంగనే మబ్బుందా అని చూస్తరు."

నేను బయలుదేరింది జాలితో అని రాస్తే బాగుంటుంది గానీ, కాదు. నా రింగుకు ఏ తప్పూ లేదని నిరూపించడానికి వెళ్లాను.

గురువారం చీకటితోనే ఖమ్మంలో బస్సెక్కాను. భద్రాచలంలో దిగి చర్ల బస్సు, ఆ తరవాత ఆటో. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆటో ఆపి నా పెట్టె తెరిపించారు. చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు, ఆకురాళ్లు, భూతద్దాలు చూసి కానిస్టేబుల్ అనుమానపడ్డాడు.

"ఏంది తాతా ఇవన్నీ?"

"సూర్యుణ్ణి బాగుచేసే సామాను."

అతను చెమట తుడుచుకుని పెట్టె మూశాడు. "అయితే జర ఎండ తగ్గించి పో," అన్నాడు.

బడికి చేరేసరికి పది దాటింది. వంటామె చాయ్ ఇచ్చింది. పొగ వాసన వస్తోందన్నాను. రోడ్డు నడుము విరగ్గొట్టిందన్నాను. టెలిస్కోపు పెట్టిన బల్ల కాళ్లు ఎత్తుపల్లాలుగా ఉన్నాయనీ, రేకుల వరండా పక్కన పెడితే వేడికి గాలి అల్లాడి బొమ్మ చెదురుతుందనీ, ఇప్పపువ్వు ఏరడానికి ఆకులు తగలబెట్టిన పొగ ఇటే వస్తోందనీ వరసగా చెప్పాను. అన్నీ నిజాలే. టీచరమ్మ ఒక్కొక్కటే కాగితం మీద రాసుకుని, బల్లను నలుగురు పిల్లల చేత మోయించి మట్టి మైదానం మధ్యలో పెట్టించింది. బొమ్మ స్థిరపడింది. గీతలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

ఇక పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. చెడిపోయిన వస్తువు ముందు కూర్చుని ఊహలు చేయకూడదు, ఒక్కొక్క భాగాన్నే అడగాలి. కెమెరాను పావు వంతు తిప్పితే, దానితోపాటు తిరిగేవన్నీ తెరమీద ఉన్నచోటే కనబడతాయి. టెలిస్కోపులోవీ సూర్యుడి మీదివీ మాత్రం పక్కకు తిరుగుతాయి. తిప్పాను. సూర్యుడు తిరిగాడు, గీతలు తెరమీద ఉన్నచోటే ఉన్నాయి. అంటే టెలిస్కోపుకు ఏ రోగమూ లేదు. తప్పు కెమెరాలోనో, దాన్ని బిగించిన తీరులోనో ఉంది.

కెమెరా విప్పి దాని చిన్న గాజును భూతద్దం కింద పెట్టాను. మూల ఒక దుమ్ము రేణువు తప్ప మరక లేదు, గీత లేదు, వేలిముద్ర లేదు. ఆ గాజును ఎవరూ ముట్టలేదు.

తల ఎత్తలేకపోయాను. ఆమె ల్యాప్‌టాప్‌లో ఫోటోలు తేదీల వరసన తెరిచింది. రింగు రాక ముందు సన్నటి చారలు. రింగు వచ్చిన రోజు నుంచి వేలెడు లావు పట్టీలు. "ఇది మీ పార్శిలు వచ్చిన రోజు సారూ" అని కూడా అనలేదు. తేదీ కింద కనబడుతూనే ఉంది. ఆమె అనకపోవడమే నాకు బరువైంది.

తరవాత తన ఫోను తీసింది. "సారూ, సూర్యుని ఫోటోలు తీసెటోళ్ల గ్రూపు ఒకటి ఫోన్ల ఉంటది. అందుల అడిగిన. ఎవరో, ఏ దేశమో తెల్వదు, ఒక్క మాట పెట్టిండు. రింగు వచ్చిన వారంల్నే పెట్టిండు. మీకు చెప్తె కోపం చేస్తరని చెప్పలె."

ఫోను చేతికిచ్చింది. టిల్ట్ అని ఒకే మాట.

"టిల్టా?" అన్నాను. "బిడ్డా, ఆ టిల్టు తియ్యనీకే నా ఉమ్మరంత పోయింది. అది చెప్పినోడు ఎన్నడన్న స్క్రూడ్రైవరు పట్టిండా?"

వరండాలో బియ్యం చెరుగుతున్న వంటామె చాట ఆపకుండానే అడిగింది. "గదేందమ్మా, టిల్టంటే?"

"వంక అక్కా. కెమెరాకు జర వంక పెట్టాలంట."

"గంతేనా. వంక పెట్టుడు ఈ సారుకు ఒకలు చెప్పాల్నా? దిగినకాడి నుంచి చాయ్‌కు పెట్టిండు, రోడ్డుకు పెట్టిండు, బల్లకు పెట్టిండు. ఇగ కెమెరా ఒక్కటే మిగిలింది."

టీచరమ్మ చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లలు అటు తిరిగి నవ్వారు. అందరికన్నా ఆఖరుకు నవ్వినవాణ్ణి నేను. నవ్వుతుండగానే నాకు ఒక పేజీ గుర్తొచ్చింది.

చెత్తలో దొరికిన పుస్తకాల్లో ఒకదాంట్లో ఉంది అది. రెండు గాజు ముఖాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా ఉండి, వాటి మధ్యకు ఒకే రంగు వెలుగు వస్తే, ఆ వెలుగు అటూ ఇటూ కొట్టుకుని చీకటి గీతలు కడుతుంది. మామూలు వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి కాబట్టి గీతలు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. గాజుల్లో ఒకదానికి కాస్త వంక ఇస్తే గీతలు సన్నబడి, సన్నబడి, కంటికి ఆనకుండా పోతాయి. ఆ పేజీ నేను చదివాను. పెన్సిలుతో కింద గీత కూడా గీశాను. సర్వే దుర్బిణుల్లో ఒకే రంగు వెలుగు ఎన్నడూ రాలేదు గనుక దాన్ని పనికి కట్టుకోలేదు. సొంతంగా చదువుకున్నవాళ్లకు ఈ జబ్బు ఉంటుంది పిల్లలూ. చదివింది ఒక అరలో, చేసింది ఒక అరలో పెట్టుకుంటాం. మధ్యలో తలుపు తీయమని అడిగేవాళ్లు ఉండరు.

ఇక్కడ టెలిస్కోపు గాజు పలక ఒక ముఖం, కెమెరా గాజు రెండో ముఖం. ఆ కెమెరా వదులుగా ఉన్నప్పుడు తనంతట తానే కొంచెం ఒరిగి కూర్చుంది. అందుకే గీతలు సన్నగా ఉన్నాయి. నేను రింగు పెట్టి దాన్ని నిటారుగా నిలబెట్టాను. అది ఒరిగి తనను తాను కాపాడుకుంటుంటే, నేను వెళ్లి బిగించి వచ్చాను.

ఆకురాయి తీశాను. మూడు రోజులు కూర్చుని చేసిన రింగు మీద ఆకురాయి పెట్టడానికి చెయ్యి రాలేదు. టీచరమ్మ గమనించినట్టుంది, "నేను పట్టుకుంట సారూ" అని రింగును గుడ్డలో చుట్టి రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఒక పక్క అరగదీశాను. వంక ఎక్కువై సూర్యుడి ఒక అంచు మసకబారింది. వంటామె దగ్గర అయిపోయిన మందుబిళ్లల రేకు అడిగి, సన్నటి ముక్క కత్తిరించి కింద పెట్టాను. మళ్లీ చూశాం. మళ్లీ విప్పాం. పిల్లలు అన్నం తిని వచ్చారు, నిద్రపోయే చిన్నపిల్లలు నిద్రపోయి లేచారు. ఎండ మద్దిచెట్ల మీదికి వాలే వేళకు తెరమీద గీతలు పోయాయి.

అప్పటిదాకా నేను గీతల్నే చూస్తున్నాను. అవి పోయాక సూర్యుడు కనిపించాడు. మీద చేపపొలుసుల్లాంటి గరుకుదనం, అంచున జొన్నకంకిలా లేచిన మంట, ఎడమ పక్కగా ఒక నల్లటి మచ్చ. టీచరమ్మ తెర దగ్గరికి వంగింది. "శాన రోజులయింది సారూ తెరమీద దీన్ని గిట్ల చూసి," అని పిల్లల్ని వరసలో నిలబెట్టింది.

శుక్రవారం పదింటికి జీపు వచ్చింది. మబ్బు కూడా వచ్చింది. అధికారి గడియారం చూసుకుంటూ, భద్రాచలంలో మీటింగు ఉంది జల్దీ కానీయండి అన్నాడు, మబ్బుకు చెప్పినట్టు. లెక్చరరు కుర్చీలో కూర్చుని ఫోను చూసుకున్నాడు. అరగంటకు వెలుగు వచ్చింది. ఆమె ఫోటో తీసి తెర వాళ్లవైపు తిప్పింది.

లెక్చరరు వంగి చూశాడు. "గీతలు లేవు. బాగానే ఉంది. కానీ ఈ చుక్క దుమ్ము కదా."

నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు చూడకుండానే చేత్తో ఆగమని సైగ చేసింది.

"దుమ్మయితే కెమెరాతోనే ఉంటది సార్, తెరమీద జాగ మారదు. చూడున్రి," అని కెమెరాను పావు వంతు తిప్పింది. ఎడమ పక్కనున్న మచ్చ కిందికి వచ్చింది. మూలనున్న చిన్న చుక్క మాత్రం కదలలేదు. "ఆ మూలది దుమ్ము. ఇది సూర్యునిది."

"ఒక్క రోజు ఫోటోతో అట్ల చెప్పలేం."

ఆమె లోపలికి వెళ్లి ఒక కాగితాల కట్ట తెచ్చింది. అన్నీ పెన్సిలుతో గీసిన వలయాలు, ఒక్కొక్కదాంట్లో చుక్కలు, పక్కన తేదీ, వేళ. "ఫోటోలు పాడైన రోజులల్ల కెమెరా తీసేసి, కన్ను పెట్టే అద్దం తగిలిచ్చి, చూసి గీసిన సార్. ఒక్క రోజు గూడ ఇడవలేదు. ఈ మచ్చ మొన్న అంచున మొదలైంది, జర జర నడిచి ఇక్కడిదాక వచ్చింది."

నాకు ఆ కట్ట సంగతే తెలియదు. అద్దం ముట్టావని నేను తిట్టిన మర్నాడు కూడా ఒక వలయం ఉంది. లెక్చరరు ఒక్కొక్క కాగితమే తిప్పుతూ బల్ల అంచున కూర్చుండిపోయాడు. ఆఖరుకు, "మేడం, వీటిని నేను ఫోటో తీసుకోవచ్చా? మా పిల్లలకు చూపిస్తాను," అన్నాడు. అతని గొంతు మారింది. చదువుకున్నవాళ్లందరూ ఒకటి కాదని నేను రాసుకోవాల్సి వచ్చింది, రాస్తున్నాను.

"సరే, టెలిస్కోపు ఇక్కడే ఉంచుదాం," అన్నాడు అధికారి. ఆమె ముఖం వెలగబోయి, ఆయన తరవాతి మాటకు ఆగిపోయింది. "కానీ ఫైల్లో రెండు నెలల చెడ్డ ఫోటోలున్నాయి. రేపు నన్నడుగుతారు, బాధ్యులెవరని. మేడం, మీరొక సంజాయిషీ రాసివ్వండి. మీ రెన్యువల్ కూడా నా దగ్గరే ఉంది, దానికి జత చేస్తాను."

ఆయన దుర్మార్గుడు కాదు. బాధ్యుల పేరు ఖాళీగా ఉన్న ఫైలు ఆయనకు నిద్ర పట్టనివ్వదు. అటువంటివాళ్ల కింద పనిచేసే వచ్చాను నేను. నాకు ఫోనులో ఇచ్చిన మాట ప్రకారం ఆమె కలం తీసుకుని కూర్చుంది. నేను పక్కనుంచి చూస్తున్నాను. "నా అజాగ్రత్త వలన" అని మొదలుపెట్టింది. అంత గుండ్రటి అక్షరాలతో అంత అబద్ధం రాస్తుంటే చూడలేకపోయాను.

"ఆగు బిడ్డా. గా కాగితం ఇటియ్యి."

"సారూ, వద్దు. నేను రాస్తనని చెప్పిన గద."

"ఇటియ్యమన్న."

అధికారి కళ్లద్దాల మీదుగా చూశాడు. "మీరెవరు?"

"గా గీతలు నావి సార్."

నా సర్వీసులో నాకు వచ్చిన మెమోలతో ఒక దండ కట్టవచ్చు. ఒక్కదానికీ తప్పు ఒప్పుకుని జవాబు రాయలేదు. కొన్నిటిలో తప్పు నాదే. ఆ రోజు కొత్త కాగితం తీసుకుని రాశాను: "ఈ కెమెరాకు రింగు నేను చేశాను. అది సరిగ్గా కుదిరింది, అదే తప్పు. దానివల్ల ఫోటోలు చెడ్డాయి. టీచరు కెమెరా అద్దాన్ని ముట్టలేదు. ముట్టిందని నేను ఫోనులో అన్న మాట అబద్ధం."

అధికారి చదివి ఆఖరి వాక్యం మీద వేలు పెట్టాడు. "ఈ ఫోను సంగతి ఫైలుకెందుకండి? కొట్టేయండి."

"ఫైలుకు కాదు సార్. ఆమె చదువుతది."

ఆయన ఒకసారి ఆమెను చూసి, కాగితం మళ్లీ నా ముందుకు జరిపాడు. "సంతకం కింద హోదా రాయండి. రిటైర్డ్ అని ఏదో ఒకటి."

నేను రాసి ఇచ్చాను.

"రింగు చేసినవాడు," అని చదివాడు. "ఇట్లాంటి హోదా ఉండదు."

"ఇప్పుడైతె ఉన్నది సార్."

ఆయన కాసేపు కలంతో బల్ల మీద కొట్టి, ఆమె మొదలుపెట్టిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతికే ఇచ్చేసి, నాది ఫైల్లో గుచ్చబోయాడు. ఆమె దాన్ని అడిగి తీసుకుని చదివింది. ఒకసారి చదివి, ఆఖరి వాక్యం దగ్గర మళ్లీ ఆగింది. ఏదో అంటుందని నేను చూస్తున్నాను.

ఆమె కాగితం తిరిగి ఇచ్చేసి టెలిస్కోపు వైపు చూసింది. "ఇద్దరు జర అటు జరగున్రి సార్," అంది. "మీ నీడ టెలిస్కోపు మీద పడుతున్నది. పిల్లలకు మచ్చ చూపియ్యాలె."

నేనూ అధికారీ, ఇద్దరమూ జరిగాం.